కరకవలస గ్లాసులు

కరకవలస, డుంబ్రిగుడ మండలం
4 ఫిబ్రవరి 2024

తమ్ముడు ఫల్గుణకి,

ఎలా ఉన్నావు? చేతి మీద కప్పుల మిషను కాల్చిన చోట కొత్త తోలు వచ్చిందా? ఇక్కడ అమ్మ బాగానే ఉంది, మోకాలు మాత్రం దిగుడులో మొరాయిస్తోంది. కాఫీ కోత అయిపోయింది, ఎండబెట్టడం మిగిలింది. మంచు తగ్గలేదు. పొద్దున్న తొమ్మిదైనా కళ్లంలో ఆరబోసిన గింజ కనపడదు.

ఫోను చెయ్యమని కబురంపావు. ఫోను చెయ్యాలంటే సిగ్నలు అందే టవరు రాయి ఎక్కాలి. అక్కడ అప్పటికే ఆరుగురు ఎక్కి కూర్చుని ఉంటారు. నీతో ఏం మాట్లాడినా సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. అందుకే రాస్తున్నాను. జీపు వరహాలరావు అరకు పోస్టులో వేస్తానన్నాడు.

అసలు సంగతి చెబుతాను. మన శనివారం సంతలో వెంకటరమణ టీ కొట్టు తెలుసు కదా, ఎస్.కోట నుంచి వచ్చి టార్పాలిను కడతాడు. అక్కడ తాగి పడేసిన కాయితం కప్పులన్నీ గాలికి కింద పారే మన గెడ్డలోకి దొర్లుతున్నాయి. మొన్న ఆదివారం గెడ్డలో ఊట దగ్గర బిందె ముంచితే నీళ్లకంటే ముందు మూడు కప్పులు లోపలికొచ్చాయి. నువ్వు చేసినవేమోనని తిప్పి చూశాను. నవ్వకు. నాకు ఏడుపొచ్చింది.

మా మహిళా సంఘంలో ఒక మాట అనుకున్నాం. స్టీలు గ్లాసులు రెండు బస్తాలు కొని వెంకటరమణ కొట్లో పెడతాం. కడగడం మా వంతు, వారానికి ఇద్దరు. గెడ్డలో కాదు, డ్రమ్ములో నీళ్లు పట్టి బూడిదతో. వాడు ఒప్పుకున్నాడు, కప్పులు కొనే బాధ తప్పుతుందని. అన్నిటి మీదా ఊరి పేరు చెక్కిస్తాను. చైత్రంలో ఇటుకల పండగకి నువ్వొచ్చేసరికి మన గ్లాసులో టీ తాగుతావు.

వేళకి తిను.

మీ అక్క
రాజకుమారి


అనకాపల్లి
15 ఫిబ్రవరి 2024

అక్కా,

క్షేమసమాచారాలు చివర రాస్తాను, ముందు ఇది విను. వెంకటరమణ కొట్లో ఆ గ్లాసులు పెట్టొద్దు. కొంటే కొనండి. పండగలకి వాడుకోండి, పెళ్లిళ్లకి వాడుకోండి, బోర్లించి డప్పు వాయించుకోండి. వాడి కొట్లో మాత్రం పెట్టొద్దు. పేరు అసలే చెక్కించొద్దు.

ఎందుకని అడక్కు. చెప్పను.

కప్పులు గెడ్డలో పడుతున్నాయంటే ఒక గోనె కట్టించు, అందులో వెయ్యమను. నువ్వు సంఘానికి లీడరువి కదా, నీ మాట వినరా? కప్పు తప్పేం లేదు. తాగిన చోట పడేసే మనుషులది తప్పు. నేను రోజంతా ఈ మిషను ముందు నిలబడి తీస్తున్నది విషం కాదు. లోపల సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, నాకు తెలుసు, నువ్వు చెప్పక్కర్లేదు.

చెయ్యి మానింది. ఇక్కడ పగలు రేకుల కింద ఒళ్లు ఉడుకుతుంది. కాయితం ప్లేట్ల అడుక్కి అతికించడానికి ప్రెస్సుల నుంచి చెడిపోయిన అచ్చు కాయితాలు వస్తాయి. భోజనం టైములో అవే చదువుతాను. సగం కథ ఉంటుంది, మిగతా సగం వేరే కట్టలో ఎక్కడో ఉంటుంది. పదో తరగతి తప్పినవాడికి అదే కాలేజీ. నా తెలుగు బాగుపడిందని నువ్వే అన్నావు కదా, అలా బాగుపడింది.

గ్లాసుల సంగతి మర్చిపో.

ఫల్గుణ


కరకవలస
3 మార్చి 2024

ఫల్గుణకి,

నీ ఉత్తరం చదివాను. ఎందుకో చెప్పవు కానీ వద్దంటావు. మనింట్లో అలా మాట్లాడేది నాన్న ఒక్కడే. నువ్వు నాన్నవెప్పుడయ్యావు?

నీ ఉత్తరం మీటింగులో చదివి వినిపించాను. సోములమ్మ చిన్నమ్మ పడీ పడీ నవ్వింది. "గుంటడు కంపెనీ కూడు తింటన్నాడు గదే, కంపెనీ మాటే అంటాడు. మన గలాసులొస్తే ఆడి కప్పులెవలు కొంటారు?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత నవ్వినందుకు బాధేసింది, అదీ రాస్తున్నాను.

గ్లాసులు కొన్నాం. ఘాటు దిగి ఎస్.కోట వెళ్లాను. స్టీలు సామాన్ల కొట్లో చెక్కే అతను చిన్న మిషను పట్టుకుని టకటకమని చుక్కలు కొడతాడు. నువ్వుంటే నీ పళ్లు జివ్వుమనేవి, చిన్నప్పుడు పలక మీద బలపం కీచుమంటే ఏడ్చేవాడివి. "ఏ పేరమ్మా?" అన్నాడు. "కరకవలస మహిళా సంఘం" అన్నాను. "అంత పొడుగెందుకమ్మా? ఇన్ని గలాసులు! ఒక గీత పెడితే సాల్దా?" అన్నాడు. చాలదన్నాను. పూర్తి పేరు కావాలన్నాను.

ఎందుకో తెలుసా? మన ఊరి పేరు రోడ్డు మీద బోర్డులో లేదు. బస్సు మీద లేదు. మనం ఇంట్లో మాట్లాడే భాషకి మనం నేర్చిన అక్షరాలే లేవు, నీకూ నాకూ ఉత్తరాలు కూడా తెలుగులోనే. రేషను కార్డు మీద తప్ప కరకవలస అని నేనెక్కడా చదవలేదు. ఇప్పుడు సంతకొచ్చే ప్రతివాడూ టీ తాగుతూ చదువుతాడు.

అది నీకు నచ్చకపోతే నీ ఖర్మ.

రాజకుమారి


అనకాపల్లి
20 మార్చి 2024

అక్కా,

నా ఉత్తరం మీటింగులో చదివావా? అది నీకు రాసింది. టవరు రాయి మీద ఆరుగురుంటారని భయపడి కాయితం మీద రాయించుకున్నావు, ఆ కాయితాన్ని పదహారు ఇళ్లవాళ్లకి చదివి వినిపించావు.

కంపెనీ మనిషినట. మంచిది. కంపెనీ మనిషికి పండగకి సెలవు దొరకదు. నాకోసం ఏమీ వండొద్దు.

ఫల్గుణ


కరకవలస
21 ఏప్రిల్ 2024

తమ్ముడికి,

నువ్వు రాలేదు. అమ్మ పండగ మూడు రోజులూ జీపు హారను వినిపించినప్పుడల్లా గుమ్మంలోకి వెళ్లింది. అది నీకు తెలియాలని రాస్తున్నాను.

గ్లాసులు పెట్టి ఆరు సంతలయ్యాయి. గెడ్డలో ఒక్క కప్పు లేదు. నిజం చెబుతున్నాను, మొన్న ఊట అడుగున రాళ్లు కనిపించాయి. అమ్మ చూసి, "మీ నాన్న ఉన్నప్పుడు ఇలాగే ఉండేది" అంది. మొదటి వారం కడగడం నాదీ చిన్నమ్మదీ వంతు. బూడిదకి చేతులు చీరుకుపోయాయి, అయినా ఆ వరసగా బోర్లించిన గ్లాసులు ఎండకి మెరుస్తుంటే చూసుకుని చూసుకుని నవ్వుకున్నాం.

వెంకటరమణని నువ్వు ఊరికే అనుమానించావు. మంచివాడే. సంత జోరు మీద మన గ్లాసులు చాలడం లేదని వాడు సొంతంగా ఒక డజను కొనుక్కున్నాడు, లోపల అలమరలో పెట్టాడు. మనవి బయట డ్రమ్ము పక్కన బల్ల వేయించి దాని మీద పెట్టాడు. కడిగేవాళ్లకి లోపలికీ బయటికీ తిరగకుండా వీలుగా ఉంటుందట. మనవాళ్లు కూడా అక్కడే నిలబడి తాగుతారు, లోపల బెంచీ మీద బస్సువాళ్లతో, ఫొటోలు తీసుకునేవాళ్లతో ఇరుక్కోనక్కర్లేదు. పొయ్యి దగ్గర నుంచి చెయ్యి చాపి పోసేస్తాడు. మనకి ముందు పోస్తాడు కూడా.

ఇప్పుడు చెప్పు, ఎవరి మాట నెగ్గింది? కోపం చాలించి ఒక ఉత్తరం ముక్క రాయి.

అక్క


అనకాపల్లి
30 ఏప్రిల్ 2024

అక్కా,

నీ ఉత్తరం ఒక్కసారే చదివాను. బయట బల్ల వేయించాడు, మనకి వీలుగా ఉంటుంది అని రాశావే, అక్కడ ఆగిపోయాను. అది వీలు కాదక్కా. ఆ బల్ల సంగతి నాకు తెలుసు.

చెప్పకూడదనుకున్నది చెబుతున్నాను. ఇది మీటింగులో చదవకు. అమ్మకి అసలే చదవకు.

నేనొచ్చిన కొత్తలో ఈ మిషను లేదు. ఓనరు గారింటి వెనక షెడ్డులో ప్లేట్లు కొట్టేవాళ్లం, అయిదుగురం. పదకొండింటికి వాళ్లింట్లోంచి టీ వచ్చేది. నలుగురికి ట్రేలో గ్లాసులు. నా గ్లాసు గోడ మీద ఉండేది. ఎప్పుడూ అదే, ఎప్పుడూ అక్కడే. నాకెంత సంతోషమేసిందో తెలుసా? కొండ మీద నుంచి వచ్చిన కుర్రాడని నాకోసం ఒక గ్లాసు విడిగా ఉంచారు, ఎంత మంచివాళ్లో అనుకున్నాను. మేకు తీసుకుని దాని మీద 'ఫ' అని గీసుకున్నాను కూడా. నా చేత్తో నేనే.

ఒక రోజు గాలికి అది వెనక కాలవలో పడిపోయింది. ట్రేలో గ్లాసు ఒకటి ఎక్కువ వచ్చి ఉంటే తీసుకుని తాగాను. ఓనరు గారి అత్తగారు నన్ను తిట్టలేదు. తాగేదాకా నిలబడి చూసింది. లోపలికెళ్లి పట్టకారు తెచ్చింది, దాంతో ఆ గ్లాసుని ఎత్తి పెంటకుప్ప మీద పడేసింది. "నాలుగ్రోజులవలేదురా అది కొని" అంది, అంతే. మిగతా నలుగురూ టీ ఊదుకుంటూ కూర్చున్నారు. అందులో ఒకడు నాతో ఒకే గదిలో పడుకునేవాడు.

తర్వాత మిషను వచ్చింది. మొదటి రోజు తీసిన కప్పుల్లో అందరికీ టీ పోశారు. ఓనరుకి, అత్తగారికి, నాకు. తాగి అందరం ఒకే డబ్బాలో పడేశాం. అందులో నాది ఏదో, ఆవిడది ఏదో ఎవడూ చెప్పలేడు. ఆ రోజు నేను షెడ్డు వెనక్కి వెళ్లి ఏడ్చాను. నువ్వు కప్పులో చెత్తని చూస్తావు. నేను ఆ రోజుని చూస్తాను. గెడ్డ పాడవుతుందని తెలియక కాదు, తెలిసే చేస్తున్నాను.

ముందే ఎందుకు చెప్పలేదంటావు. "మా తమ్ముడు మిషను మీద ఉన్నాడు" అని నువ్వు సంతలో చెప్పుకుంటావు. "మా తమ్ముడు గోడ మీద గ్లాసుతో తాగుతాడు" అని చెప్పుకోగలవా?

వెళ్లి చూడు. వాడి అలమరలో గ్లాసు తీసి టీ పొయ్యమను. ఏమవుతుందో నాకు రాయి.

ఫల్గుణ


కరకవలస
13 మే 2024

ఫల్గుణా,

వెళ్లాను.

అలమరలోంచి గ్లాసు తీసి పొయ్యి ముందు పెట్టాను. "ఇందులో పొయ్యి వెంకటరమణన్నా" అన్నాను.

"ఏటమ్మా రాజకుమారీ, మీ గలాసులు బయటున్నాయి గదా."

"ఇదీ గ్లాసే గదా."

"ఇయి బస్సోళ్లకి, టూరిస్టులకి. మీకు మీయున్నాయి."

"మావి వాళ్లకెందుకు పొయ్యవు?"

వాడు నవ్వాడు. కోపంగా ఉంటే బాగుండేది. పిల్లకి లెక్క చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు. "నువ్వే గదమ్మా పేరు సెక్కించి మరీ తెచ్చినావు. కలిసిపోకూడదనే గదా? నాను మీ మాటే నిలబెడతన్నాను. పేరు లేకపోతే ఏ గలాసు ఎవలిదో నాకేటి తెలుస్తాది?"

బెంచీ మీద కూర్చున్న ఒకాయన తన గ్లాసు మీద పేరుందేమోనని తిప్పి చూసుకున్నాడు. లేదు. మళ్లీ తాగాడు.

బయట బల్ల దగ్గర సోములమ్మ చిన్నమ్మ పిలుస్తోంది. "ఏటే గుంటా, టీ నీళ్ల కాడ తగువేటి? ఏ గలాసైతే ఏటి? బేగి తాగి రా, కందులు అమ్మాల." ఆమెకి ఇన్ని సంతల నుంచీ తెలుసు. అందరికీ తెలుసు. నాకు మాత్రమే తెలియలేదు, ఎందుకంటే నేను అక్షరాలు చూస్తున్నాను, వాళ్లు బల్ల చూస్తున్నారు.

గ్లాసులన్నీ గోనెల్లో వేశాను. కొన్నిట్లో టీ ఇంకా ఉంది, నా చీర మీద ఒలికింది. వెంకటరమణ అడ్డుపడలేదు. "అట్టుకెళ్లమ్మా. వచ్చే వారం కప్పులు తెస్తాను. మీ తమ్ముడు సేసే రకమే గదా" అన్నాడు.

మీటింగు పెట్టాను. ఒక్కరూ నావైపు మాట్లాడలేదు. కప్పులుంటే ఇదేమీ తెలిసేది కాదన్నారు. అందరికీ అవే కప్పులు, తాగామా, పోయామా అన్నారు. మరి ఊట సంగతేమిటంటే, "ముందు కప్పులేరేసి తరవాత ముంచుకుంటాం" అంది చిన్నమ్మ. గ్లాసులు కొందామన్నది నేను. చెక్కిద్దామన్నది నేను. గోనెలు ఇప్పుడు మనింట్లో మంచం కింద ఉన్నాయి.

నీ గోడ మీద గ్లాసు గురించి అమ్మకి చెప్పలేదు. నువ్వు ముందే చెప్పి ఉంటే అని ఒక పక్క నీ మీద కోపం. నిన్ను చూసి నవ్వినందుకు ఇంకో పక్క సిగ్గు. రెండూ ఉన్నాయి, దాచను.

రాజకుమారి


అనకాపల్లి
24 మే 2024

అక్కా,

ఇప్పుడు తెలిసింది కదా. నేను గెలిచానని రాయడం లేదు. ఇందులో గెలుపేముంది.

కప్పులే ఉండనీ. మనల్ని విడిగా పెట్టడానికి దాంట్లో దారి లేదు. ఊట చుట్టూ వెదురు తడిక కట్టించు, కప్పులు లోపలికి రావు. మీ సంఘానికి ఒక పెట్టె కప్పులు ఈ వారం లారీలో పంపుతున్నాను, అంచు కొంచెం వంకర పోయినవి, ఓనరు తీసుకోమన్నాడు. మీటింగులో అందులో టీ పోసి ఇవ్వు. నీ మీద వాళ్లకున్న కోపం తగ్గుతుంది. గ్లాసులు అమ్మేసెయ్.

నీకోసమే చెబుతున్నాను.

ఫల్గుణ


కరకవలస
16 జూన్ 2024

ఫల్గుణా,

నీ పెట్టె వచ్చింది. విప్పలేదు. వరహాలరావుకే తిరిగి ఇచ్చేశాను, వచ్చే లారీకి నీ దగ్గరికొస్తుంది. నా మీద వాళ్లకున్న కోపం తగ్గించడానికి నేనే నా చేత్తో ఊటలో కప్పులు పోయాలా? నాకోసమే చెబుతున్నానని ఇంకెప్పుడూ రాయకు.

నీ కప్పుల్లో మనల్ని విడిగా పెట్టే దారి లేదన్నావు. ఆ ముసలమ్మ మారిందా? మారలేదు. పట్టకారు తెచ్చుకునే పని తప్పింది ఆవిడకి, అంతే. నువ్వు తాగింది ఆవిడ పడెయ్యక్కర్లేదు, నువ్వే పడేస్తున్నావు. దానికి షెడ్డు వెనక ఏడ్చావు. నేను నిన్ను ఎత్తుకు పెంచాను, ఫల్గుణా. నీ ఏడుపు తలుచుకుంటే నాకు అన్నం దిగలేదు. అయినా నువ్వన్నది ఒప్పుకోను.

గ్లాసులు అమ్మలేదు. సంతలో వెంకటరమణకి ఎదురుగా పొయ్యి పెట్టాను. టార్పాలిను లేదు, అల్లం దంచి వేసిన టీ, మన గ్లాసులు. బల్ల ఒక్కటే. ఎవరొచ్చినా అదే గ్లాసు, ఎవరికీ బయటా లోపలా లేదు.

మొదటి సంత, నిన్న. ఎలా జరిగిందో ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

బస్సు డ్రైవరొకడు వచ్చాడు. అల్లం వాసనకి వచ్చాడు. గ్లాసు ఎత్తి పేరు చదివాడు, పెదాలు కదిపి మరీ చదివాడు, కింద పెట్టాడు. ఎదురుగా వెళ్లి వెంకటరమణ దగ్గర ఒక ఖాళీ కప్పు తెచ్చుకుని, "ఇందులో పొయ్యమ్మా" అన్నాడు. పొయ్యనన్నాను. "ఏటమ్మా, యాపారం సేత్తన్నావా, తగువులాడతన్నావా?" అన్నాడు. రెండూ అన్నాను. వెళ్లిపోయాడు.

ఎండు చేపలమ్ముకునే తాత వచ్చాడు, భీమిలి నుంచి వస్తాడే, ఆయన. అటూ ఇటూ చూశాడు. గ్లాసు తీసుకుని, అక్కడ తాగకుండా తన చేపల గంప వెనక్కి తీసుకెళ్లి, అటు తిరిగి తాగాడు. గ్లాసు కడిగి తెచ్చి ఇచ్చాడు. "టీ బాగుందమ్మా" అన్నాడు. మెల్లిగా అన్నాడు.

అంతే. కొండ కింద నుంచి వచ్చినవాళ్లలో ఆ ఇద్దరే.

మనవాళ్లు ఎంతమంది వచ్చారని అడుగుతావు. పొద్దున్న చిన్నమ్మ నా ముందు నుంచే నడిచి వెళ్లింది. "రా చిన్నమ్మా, టీ తాగు" అన్నాను. వస్తానని చెయ్యి ఊపింది. కాసేపటికి చూస్తే ఎదురుగా వెంకటరమణ కొట్లో, లోపల, బెంచీ మీద కూర్చుని ఉంది. ఆ బెంచీ మీద ఆమె కూర్చోవడం నేను ఎన్నడూ చూడలేదు. చేతిలో కప్పు. తాగి బయటికొచ్చి, కప్పు గెడ్డ వైపు విసిరి, అప్పుడు నా దగ్గరికొచ్చింది.

"కోపం తెచ్చుకోకే రాజకుమారీ. ఆడు నన్ను రామ్మా, లోనికొచ్చి కూకోమ్మా అన్నాడే. ఇన్నేళ్లలో ఎన్నడన్నాడు?"

నేను పొయ్యి పెట్టబట్టే అన్నాడు చిన్నమ్మా అని చెబుదామనుకున్నాను. చెప్పలేదు. ఆమె మొహం అంత వెలిగిపోతోంది. నా మాటతో దాన్ని ఆర్పడానికి నాకు మనసు రాలేదు. నేనూ పిలిచాను కదా అనుకున్నాను. కానీ నేను రోజూ పిలుస్తాను. రోజూ పిలిచేవాళ్ల పిలుపుకి ఎవరు పరిగెత్తుకొస్తారు?

మిగిలిన టీ నేనూ అమ్మా తాగాం. అమ్మ మోకాలితో అంత దూరం దిగి వచ్చింది, కడగడానికి. మురికి కాని గ్లాసులు కూడా కడిగింది.

వచ్చే శనివారం మళ్లీ పొయ్యి వెలిగిస్తాను. చిన్నమ్మ మళ్లీ ఆ బెంచీ మీదకే వెళ్తుంది. ఆమెని అనడానికి నాకు నోరు లేదు. నీకూ లేదు.

రాజకుమారి